పొగను దించమన్న ఖాలా

మా పక్కింటి సాయిబుల పెద్దమ్మ, మేమందరం ఖాలా అని పిలిచే మనిషి, పోయిన శుక్రవారం పొద్దుగాల కన్నుమూసింది. దవాఖానకు తీస్కపోదామని జీపు మాట్లాడేలోపే ఊపిరి ఆగిపోయింది. ఆ కబురు తెచ్చిన ఆమె కొడుకు మా గడపల నిలబడి, "అమ్మ ఇగ దగ్గుతలేదు" అన్నడు.

మాది నల్లగొండ జిల్లా దక్షిణపు కొసన, సున్నపురాయి గుట్టల నడుమ ఊరు. ఖాలా పరుపులు, బొంతలు కుట్టేది. దూది ఏకి డాబా మీద ఎండబోసేది. గాలి లేచిందంటే ఉరికొచ్చి దుప్పటి కప్పేది. నా బిడ్డకు జొరమొస్తే అడగకముందే చిన్న బొంత కుట్టి తెచ్చి, తనే కప్పి, పక్కన కూసున్నది. "బొంత బరువుండొద్దు బిడ్డా, ఎవరో చెయ్యేసినట్టు ఉండాలె" అనేది.

ఎనభైలల్ల గుట్ట కింద సిమెంటు ఫ్యాక్టరీ పడ్డది. అందరం సంబరపడ్డం. నా పెనిమిటికి అండ్లనే పని దొరికింది. ఏడాది తిరగకముందే చెట్ల ఆకులు బూడిదరంగుకు తిరిగినయి. పొద్దున ఎండబోసిన దూది సందెకు పిడికిట్ల గరగరమనేది. ఖాలా భర్తకు దగ్గు పట్టుకున్నది. ఆ దగ్గుతోనే ఆయన పోయిండు.

ఆయన దినాలు అయిపోయినంక ఖాలా డాబా మీది దుమ్మంత ఊడ్చి, గంపకెత్తుకొని ఫ్యాక్టరీకి బయలెల్లింది. నేను ఎంబడి పోయిన. మేనేజరు మంచోడే. కుర్చీ వేయించి, నష్టపరిహారం ఇప్పిస్త అన్నడు.

"పైసలు తీసుకుంటే దుమ్ము పోతదా సారూ? మీరు వదిలింది మీరే తీసేయుండ్రి. గా ఖర్చు మీదే" అన్నది ఖాలా.

"నేల మీద పడ్డది తీయిస్తనమ్మా. గాలిల కలిసినదాన్ని ఎట్ల దించాలె? దానికి మిషను లేదు."

"దించే మిషను లేనప్పుడు ఎట్ల వదులుతున్నరు?"

మేనేజరు వంగి గంపల దుమ్మును ఏళ్లతోని నలిపి చూసిండు.

కొన్నేండ్లకు ఫ్యాక్టరోళ్లు పాత పొగగొట్టం తీసి, శానా పొడుగుది కట్టిండ్రు. మా ఇండ్ల మీద దుమ్ము పడుడు తగ్గింది. ఊరంత ఖాలాను మెచ్చుకున్నది. నేను మిఠాయి తీస్కపోతే చేతిల పట్టుకున్నది గాని నోట్లె పెట్టుకోలే.

"పొగ తగ్గిందా బిడ్డా?"

"మనకైతే తగ్గింది ఖాలా."

"తగ్గలే. పైకి పోయింది. గాడ ఊకుంటదా?"

అటెన్క రేడియోల ఎవరో చెప్పంగ ఇద్దరం విన్నం. లోకంల పొగంత పైన పేరుకొని ఎండను పట్టి ఉంచుతున్నదట. ఖాలా సూది ఆపింది. "పేర్చినోళ్లే దించాలెనని చట్టం రావాలె. నేనైతే చూడ. నువ్వన్న చూస్తవేమో" అన్నది. ఆ ఎండకాలం వాకిట్ల మంచమేసుకున్నా మీదికి చూడబుద్ధి కాలే.

శుక్రవారం మాపటికి మొగోళ్లు ఆమెను భుజాల మీద ఎత్తుకపోయిండ్రు. ఆడోళ్లం వాకిట్ల మిగిలినం. గాలి లేదు. ఫ్యాక్టరీ పొగ పైకి పోలేక గుట్ట మీద మొగులోలె నల్లగ పరుచుకున్నది. ఊరవతల గొర్లకాపరి దాన్ని చూసి వాన అనుకున్నడు. గొంగడి నెత్తిన కప్పుకొని, మందను అదిలిస్తూ ఊరి దిక్కు ఉరుకుతున్నడు. గొర్ల కంటె ముందు ఆ పొగ నీడ ఊర్లెకొచ్చింది.