రోముకు మైల పట్టిన బంగార్రాజు

రోములో ఎవరు పోయినా గోల్‌మురిలో బంగార్రాజు మైల పడతాడని ఉక్కు కార్ఖానా క్వార్టర్లన్నిటా చెప్పుకునేవారు. కొలిమి సెగకు ఆయన మెదడు కరిగిపోయిందని నూకమ్మ కుళాయి దగ్గర తేల్చేసింది. ముప్పై ఏళ్ళు కొలిమి మీద క్రేను నడిపిన మనిషికి ఆ మాత్రం కరగదా అని మిగతావాళ్ళు ఒప్పుకున్నారు.

పెళ్ళాం పోయి ఒంటరిగా ఉండే బంగార్రాజుకు ఒక్కడికే ఆ వరసలో టీవీ ఉండేది. ఎనభై అయిదులో ఆదివారం సాయంత్రాలు అందులో రోము చరిత్ర వచ్చేది, ఇంగ్లీషులో. కూలిన గోడల మధ్య ఒక దొర నడుస్తూ చెప్పేవాడు. మధ్యలో దుప్పట్లు చుట్టుకున్న వేషగాళ్ళు వచ్చి పొడుచుకునేవారు. అర్థం చెప్పే పని బంగార్రాజుది. సీజర్ పడిపోయిన రోజున ఆయన లేచి, టీవీ మీద తుండుగుడ్డ కప్పి, నెత్తిన నీళ్ళు పోసుకుని వచ్చాడు.

"ఏటి మావా ఇది? ఆడు నీకేటవుతాడు?" అంది నూకమ్మ.

"పోనాడా, నేదా?"

"పోనాడు."

"ఎవులింట్లో పోనాడు?"

నూకమ్మ తుండుగుడ్డ కిందున్న టీవీ వైపు చూసింది. బంగార్రాజు మూడు రోజులు గడ్డం గీయలేదు, చేప ముట్టలేదు, పొయ్యి వెలిగించలేదు. అటుకులు, పెరుగుతో సరిపెట్టుకున్నాడు. ఆంటోనీకీ అంతే చేశాడు. పాముతో కరిపించుకున్న రాణికి మాత్రం ఒక్క పూట చాలన్నాడు. ఆవిడ ఇంటిపేరు వేరట.

పద్మకుమారి ఇవన్నీ గుమ్మం పక్క నుంచి చూసేది. తల్లి మంచాన పడితే ఎనిమిదో తరగతిలో బడి మానేసిన పిల్ల. నోరు పెగలదు గాని కళ్ళు ఊరుకోవు. ఆ నెలలో ఆమెకు రోముకంటే తమకూ బంగార్రాజుకూ మధ్య ఇంట్లో ఉండే దాలమ్మ మీదే దిగులు. దాలమ్మ మొగుడు సూర్యం కాంట్రాక్టు పనికి రూర్కెలా వెళ్ళి ఇరవై రోజులైంది, ఉత్తరం ముక్క లేదు. సాయంత్రమైతే అన్ని గుమ్మాల ముందూ బొగ్గుల పొగ లేస్తుంది. దాలమ్మ గుమ్మం ముందు మూడు రోజులుగా లేవడంలేదు. అడిగితే "తినీసినానే గుంటా" అంటుంది. నడుస్తూ గోడ పట్టుకుంటుంది. ఎవరికైనా చెప్పాలి. చెబితే ఆవిడ పరువు పోతుంది, చెప్పకపోతే ఆవిడే పోతుందేమో.

ఆ ఆదివారం దాలమ్మ కూడా వచ్చి గోడకు జారబడింది. తెర మీద అగస్టస్ చక్రవర్తి జబ్బుపడి మూలుగుతున్నాడు. పద్మకుమారి టీవీ పక్కనున్న బంగార్రాజు దగ్గరకు జరిగింది.

"తాతా, దాలమ్మ పిన్ని మూడు రోజుల్నించి పొయ్యి ఎలిగించట్నేదు," అంది చెవిలో.

ఆయన ఆమెవైపు తిరగనైనా లేదు. చక్రవర్తి కళ్ళు మూశాడు. "అయిపోనాది. పోనాడు," అంటూ బంగార్రాజు లేచి తుండుగుడ్డ కప్పేశాడు. తన మాట ఆయనకు వినబడలేదనుకుని పద్మకుమారి మళ్ళీ చెప్పబోయింది.

"మళ్ళీ అటుకులేనా మావా?" అంది నూకమ్మ.

"సక్రవర్తికి అటుకులేటే? పక్క గుమ్మపోలు పొయ్యెలిగించి వండి తేవాల. దాలమ్మా, నీదే."

"నాకు ఓపిక నేదు మావా."

"నీ ఓపిక కోసం ఆడాగుతాడేటి? అన్నం, పప్పు, వంకాయ. వండినోలు నా ముందల కూకుని తినాల. నేపోతే ఆడికి సేరదు."

"ఇదెక్కడి ఆచారం?"

"రోము ఆచారం. దొర ఇందాకే సెప్పినాడు. నువ్వు విన్నేదు."

బంగార్రాజు ఇచ్చిన సరుకులతో దాలమ్మ వండింది. ఆయన ముందు కూర్చుని నాలుగు ముద్దలు తిని చెయ్యి తీసింది.

"ఇది సిపాయోలకి సేరింది," అన్నాడు బంగార్రాజు. "సక్రవర్తికి ఇంకా రానేదు."

ఇంకో నాలుగు తిన్నది. మర్నాడు చక్రవర్తి రాణికి, ఆ మర్నాడు రాణి తల్లికి. మూడు రోజుల మైల పదకొండుకు సాగింది. తొమ్మిదో రోజున సూర్యం రిక్షా దిగాడు. రూర్కెలాలో జ్వరమొచ్చి పడి ఉన్నాడట. బంగార్రాజు ఆ పూటే గడ్డం గీసుకున్నాడు.

"ఇంకా రెండ్రోజులున్నాది గదా?" అంది నూకమ్మ.

"ఇంక సాలు, ఒగ్గీమన్నాడు సక్రవర్తి."

ఆ పై ఆదివారం తుండుగుడ్డ తీసి టీవీ పెట్టగానే అగస్టస్ మెట్లు దిగుతూ కనిపించాడు.

"మావా, ఈడు పోనాడన్నావు."

"తమ్ముడు. పోలికలు."

మనుషుల్ని కూడా పోల్చుకోలేకపోతున్నాడని నూకమ్మ మర్నాడు కుళాయి దగ్గర కొత్త ముక్క కలిపింది. బిందె పట్టుకుని వరసలో నిలబడ్డ పద్మకుమారి పెదవి కదపలేదు. చక్రవర్తి మూలిగిన ఆదివారం తుండుగుడ్డ పడేలోపల, పక్కనే ఉన్న ఆమెకు తెర కనబడింది. వైద్యుడు చన్నీళ్ళు పోయించాడు, చక్రవర్తి లేచి కూర్చున్నాడు. ఆ ఆదివారం రోములో ఎవరూ పోలేదు.