బెర్మెత్ నల్ల తలగుడ్డ

మా కొండ ఊరు నరిన్‌లో బ్యాంకు చిన్నది. అందులో బెర్మెత్ అక్క పదకొండేళ్లుగా ఒకే కౌంటరు కిటికీ దగ్గర కూర్చుంటోంది. పక్క కిటికీ నాది. ఆమె భర్త తలాయ్ లారీ డ్రైవరు. గత చలికాలంలో కనుమ దారిలో మంచు విరుచుకుపడి పోయాడు. అప్పటినుంచీ ఆమెకు నల్ల గౌను, నల్ల తలగుడ్డ. మాలో నలుపు కట్టేది భార్య ఒక్కతే. ఏడాది తిరిగి పెద్ద విందు పెట్టిన రోజున ఇంటి పెద్దావిడ ఆ నలుపు విప్పి తెల్లగుడ్డ కట్టాలి. విప్పిన నలుపును కాల్చేస్తారు. అది ఇంకొకరి తలకెక్కితే చావు కూడా ఆ తల వెంట వెళ్తుందని మా భయం.

నలుపు కట్టినామె ఎదురైతే ఎంత తొందరున్నా ఓదార్చకుండా కదలకూడదు. పింఛను కోసం వచ్చిన ముసలాళ్లు కిటికీలోంచి ఆమె చెయ్యి పట్టుకుని, "గుండె దిటవు చేసుకో తల్లీ" అని ఏడ్చేవాళ్లు. ఆమె కూడా ఏడ్చేది. వరుస వాకిలి దాటి రోడ్డెక్కేది.

రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన కొత్త మేనేజరు ఎమిల్ గోడకు కాగితం అంటించాడు. లేతరంగు చొక్కా, ముదురు ప్యాంటు, పైన కోటు. టై అక్కర్లేదు, తలగుడ్డ కూడదు.

"బిజినెస్ క్యాజువల్ అంటారక్కా. పండగ బట్టలూ కాదు, ఇంటి బట్టలూ కాదు" అన్నాడు.

"మరి చావు బట్టలకి చోటు లేదా నాయనా?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

అతను తల దించుకున్నాడు. "పైనుంచి వచ్చిన మాట. సోమవారం నుంచి ఇలాగే రావాలి. కాదంటే జీతం లేని సెలవే."

బెర్మెత్ అక్క ఇద్దరు ఆడపిల్లలు, అత్త, అందరికీ ఆమె జీతమే ఆధారం. నాకు ఒళ్లు మండింది. శనివారం బజారుకెళ్లి మీగడ రంగు చొక్కా, నీలం కోటు కొన్నాను. మర్నాడు వాళ్లింటికెళ్లి అత్త ఊల్కాన్ ఎదుటే వాటిని పరిచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

టీ పోస్తున్న ముసలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఏడాది తిరక్కుండానే నా కొడుకింట్లోకి తెల్లబట్ట తెచ్చావా పిల్లా?"

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది. ఉద్యోగం సంగతి తడబడుతూ చెప్పాను. ఊల్కాన్ కోడలి వైపు తిరిగింది.

"ఏడాదికి ఇంకా ఎన్ని రోజులున్నాయే?"

"డెబ్బై మూడు."

"లెక్కపెట్టుకుంటున్నావా?"

"నువ్వు పెట్టుకోవట్లేదా అత్తమ్మా?"

ముసలమ్మ లేచింది. కోడలి తలగుడ్డ ముడి విప్పింది. పెట్టెలోంచి తెల్లగుడ్డ తీసి కట్టి, నుదుట ముద్దు పెట్టి దీవించింది. తర్వాత ఆ నలుపును తన తలకే చుట్టుకుంది.

"వద్దత్తమ్మా! కీడు!" బెర్మెత్ కెవ్వుమంది.

"నాకింకా ఏం కీడు మిగిలిందే? మిగతా రోజులు నేను కడతా. వాడి ఏడాదిలో ఒక్క రోజు కూడా తగ్గకూడదు. రేపు ఆ తెల్లది ఇంట్లో పెట్టి, ఈ కోటేసుకుని పనికెళ్లు."

సోమవారం బెర్మెత్ అక్క మీగడ రంగు చొక్కాలో, బోసి తలతో కూర్చుంది. వరుసలో ముందున్న ముసలాయన అలవాటుగా చెయ్యి చాపాడు. చొక్కా చూసి వెనక్కి తీసుకుని, పింఛను పుస్తకం లోపలికి తోశాడు. వరుస చకచకా కదిలింది.

కాసేపటికి ఊల్కాన్ నల్ల తలగుడ్డతో వచ్చి వాకిలి పక్క బెంచీ మీద కూర్చుంది. పింఛను తీసుకున్న వాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నారు. కోడలి ముందు ఒక్కసారి కూడా కన్నీళ్లు పెట్టని మనిషి బెంచీ మీద వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్ని నెలలూ అందరం భార్యనే ఓదార్చాం. తల్లి సంగతి మాకెవరికీ తోచలేదు.