పదకొండో కంప్యూటరు

పోయిన వారం నూజివీడులో మా ఇంటికి ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చినతను, ఇక ఎన్ని ఫోన్లయినా ఒకేసారి కలుపుకోవచ్చండీ అని తేలిగ్గా చెప్పి వెళ్ళాడు గానీ, ఆ మాటతో నాలో పాత కోపమంతా మళ్ళీ రాజుకుంది.

అప్పట్లో నేనొక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసేదాన్ని. ఇరవై కంప్యూటర్లకూ కావలసిన ఫైళ్ళన్నీ ఒకే మెయిన్ కంప్యూటర్లో ఉండేవి. దాని పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఒకేసారి పదింటికి మించి కలవనిచ్చేది కాదు, పైగా వాడుతున్నవాళ్ళు లేచి వెళ్ళిపోయినా ఆ చోటును పావుగంట దాకా ఖాళీ చేసేది కాదు. ఆ పది అనే హద్దును మార్చలేం గానీ, పావుగంటను ఒక్క నిమిషానికి తగ్గించడం మాత్రం ఒక్క కమాండుతో అయ్యే పని. ఆ సంగతి ప్రిన్సిపాలుగారికి రెండుసార్లు చెప్పాను. ఉన్నదాన్ని కదపొద్దని రెండుసార్లూ కసిరారు.

ప్రాక్టికల్ పరీక్ష రోజు మొదటి పదిమంది లేవగానే, రెండో జట్టును మిగతా పది కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. పదకొండోదాని ముందు కూర్చున్నది ఆగిరిపల్లి నుంచి బస్సులో వచ్చే పిల్ల, తండ్రి మామిడితోటల్లో కాపలా ఉండేవాడు. ఇక కనెక్షన్లు ఇవ్వడం కుదరదని అందరికంటే ముందు ఆ స్క్రీను మీదే పడగానే ప్రిన్సిపాలుగారు ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు.

"ఏం నొక్కావ్?"

"నేనేం ముట్టుకోలేదండీ," అంది.

పరీక్షకుడి ఎదుటే ఆ పిల్లను బయటికి పొమ్మన్నారు. అన్నీ తెలిసిన నేను నోరు మూసుకు నిలబడ్డాను. ఆ పిల్ల గుమ్మం దాటాక గానీ నాకు రోషం రాలేదు. ఎవరినీ అడక్కుండా వెళ్ళి ఆ కమాండు కొట్టాను, నిమిషం తిరక్కుండా మిగతావాళ్ళందరికీ ఫైళ్ళు తెరుచుకున్నాయి. పరిగెత్తుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళేసరికి ఆ పిల్ల ఎక్కిన బస్సు కదిలిపోయింది.

తప్పు మిషనుదేనని కాగితం మీద రాసి సంతకం పెట్టి పరీక్షకుడికి ఇచ్చాను. ఆయన మంచివాడు కాబట్టి మర్నాడు ఆ పిల్లకు పరీక్ష పెట్టాడు, పాసైంది. ప్రిన్సిపాలుగారు మాత్రం నెల తిరిగేలోగా నన్ను ఆఫీసు పనికి మార్చారు. నేను ల్యాబులో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనూ ఆ పిల్ల నా ముఖం చూడకుండా కీబోర్డు మీద వేలు పెట్టేది కాదు.

ఇప్పుడు నా దగ్గర కంప్యూటరు నేర్చుకునే పిల్లలు, స్క్రీను ఆగిపోతే ఇది పాడైంది మేడమ్ అని నిర్భయంగా అంటారు, నేనూ వెంటనే నమ్ముతాను. తన తప్పేం లేదని ఆ రోజు ఆ పిల్లా అంది. నమ్ముతున్నామని చెప్పడానికే ఆ గదిలో ఎవరమూ లేకపోయాం.