పోశవ్వ ముడులు

మైత్రీవనం వెనక సందులో, మెట్ల కింద, ఒక కుట్టుమిషను పట్టేంత చోటులో సారయ్య దుకాణం. కొత్త బట్టలు కుట్టడు. ప్యాంటు పొడవైతే మడిచి కుడతాడు, నడుము బిగిస్తే వదులు చేస్తాడు. పై అంతస్తుల్లో జావా, ఒరాకిల్ నేర్చుకునే పిల్లలు ఇంటర్వ్యూకు వెళ్లేముందు రూమ్మేట్ల ప్యాంట్లు పట్టుకుని అతని దగ్గరికే పరిగెత్తుకొస్తారు. సాఫ్ట్‌వేరుతో నగరం వెలిగిపోతోందని పేపర్లు రాస్తున్న రోజులవి. ఆ వెలుగు పాదాల దగ్గర రెండంగుళాలు ఎక్కువైతే కత్తిరించే పని సారయ్యది.

పుట్టింది సిరిసిల్ల నేతగాళ్ల ఇంట్లో. కరెంటు మగ్గాలు వచ్చాక ఇంట్లోని చేతిమగ్గం పొయ్యిలో కట్టెలైంది. తండ్రీ ఎక్కువ రోజులు బతకలేదు. సారయ్య తల్లి పోశవ్వతో, ఒక నూలుతాడుతో హైదరాబాదు వచ్చి ఎర్రగడ్డలో గది తీసుకున్నాడు. తాడు దుకాణంలో మేకుకు వేలాడుతుండేది, కొలతల టేపు పక్కన.

పైన సివిల్స్ పిల్లలకు చరిత్ర చెప్పే చలపతిరావు ఒకరోజు ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చి ఆ తాడు చూశాడు.

"ఏంటి సారయ్యా ఇది? ఇన్ని ముడులేంటి?"

"మా అవ్వ కట్టింది సారూ. చీరంచుల ఏ రంగు పోగులు ఎన్ని, దేనెనుక ఏది, అన్ని గిండ్లనే ఉన్నయి. అవ్వకు చదువు రాదు. గిదే ఆమె పుస్తకం."

"నీకు ఈ ముడులు చదవడం వచ్చా?"

"నాకెక్కడిది సారూ. నేను టేపు మీది నంబర్లు చదువుత. మీది రెండు నంబర్లు పెరిగింది."

చలపతిరావు నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, పరీక్షలో రాదని పిల్లలు వినని పాఠం దర్జీకి చెప్పాడు. సముద్రాల అవతల, పెరూ కొండల్లో ఇంకాలనే జనం ఉండేవాళ్లు. అక్షరాలు లేవు. అంత రాజ్యాన్నీ ముడులు వేసిన తాళ్లతో నడిపారు. తాడు పట్టుకుని ఒకడు పరిగెత్తితే, కొండ అవతల ఇంకొకడు దాన్ని వేళ్లతో తడిమి చదివేవాడు. వాళ్లకు బంగారం కన్నా బట్ట ఎక్కువ. చనిపోయిన రాజులను మేలిమి నేతలో చుట్టి, పండగలకు బయటికి తెచ్చి కూర్చోబెట్టేవారు. స్పెయిన్‌వాళ్లు వచ్చి బంగారం కరిగించారు, తాళ్లు కాల్చారు. చదవగలిగినవాళ్లు చచ్చిపోయారు.

"మ్యూజియాల్లో ఇప్పటికీ వందల తాళ్లున్నాయి. లెక్కల ముడులు కొన్ని తెలిశాయి. మిగతావి ఏం చెబుతున్నాయో భూమ్మీద ఒక్కడికీ తెలీదు. ప్రాచీన వైభవం అని నిట్టూరిస్తే సరిపోదయ్యా. తాడు మిగిలితే ఏం లాభం, చదివే మనిషి ఉండాలి గానీ. మీ అమ్మగారిని కూర్చోబెట్టి రాసుకో. ఈ వారమే."

సారయ్య మేకు మీది తాడు తీసి చూసుకున్నాడు. పోశవ్వకు ఉన్నది ఒకటే కోరిక: తాను పోయిననాడు ఆ తాడులో దాచిన తన అంచుతో నేసిన చీరె కప్పాలి. ఆ అంచు ఇప్పుడెవరూ నేయరు. సిరిసిల్లలో అన్న వరసైన హనుమాండ్లుకు ఇంకా ఒక చేతిమగ్గం ఉంది. "పోగుల వరుస చెప్పు తమ్మీ, నేసిస్త" అన్నాడు. కానీ ఈమధ్య పోశవ్వ అన్నం తిన్న సంగతి మరిచిపోతోంది. రైతుబజారుకు వెళ్లి, ఇంటిదారి తెలియక కూరగాయల మధ్య కూర్చుండిపోయింది.

"ఎర్రగడ్డల, పిచ్చి దవాఖాన పక్కన ఉంటమంటెనే మంది నవ్వుతరు. నువ్వు సుత గిట్లయితే ఎట్లనే అవ్వా" అని సారయ్యే నవ్వాడు ఆవేళ.

ఈ వారమే అన్నది మూడు నెలలైంది. ఇంటర్వ్యూల కాలం, ప్యాంట్ల గుట్టలు. చివరికి ఒక సోమవారం పొద్దున, దుకాణం నుంచి తెచ్చిన తాడును తల్లి ఒళ్లో పెట్టాడు. వేళ్లు మొదటి ముడి మీద ఆగాయి. ముఖంలో ఏదో తిరిగొచ్చింది.

"ఎర్రయి పన్నెండు. గీడ పసుపువి నాలుగు. గీడ..."

సారయ్య బిల్లు కాగితం వెనక రాసుకుంటూ గోడ గడియారం చూశాడు. పదింటికల్లా ఇరవై ప్యాంట్లు ఇస్తానని మాటిచ్చాడు.

"జర పట్టుకోని ఉండవ్వా. మాపటికచ్చి మొత్తం రాసుకుంట."

సాయంత్రం వచ్చేసరికి పోశవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది. చేతిలో గుండ్రటి నూలు ఉండ.

"గింత మంచి నూలు ముడులు పడుతుంటే చూస్కుంట ఉన్నవారా? నేతోని కడుపున పుట్టలే నువ్వు? అన్ని ఇప్పిన."

నూలులో ముడి నేతింటికి తలవంపు. యాభై ఏళ్లు ఆ వేళ్లు చేసిన పని చిక్కులు విప్పడం, గంజి పెట్టడం, గుంజి ఎండేయడం. తలలో అన్నీ చెరిగిపోతున్నా, వేళ్లు మాత్రం తమ పని మరవలేదు.

మర్నాడు సంగతి విన్న చలపతిరావు ఒక ఆశ చూపించాడు. "ముడి పడ్డ చోట వంకర ఉంటుంది సారయ్యా. కొలిచి చూద్దాం, తీసుకురా."

"గంజి పెట్టింది సారూ. గుంజి ఎండేసింది. గీతలెక్క సాఫ్ ఉన్నది."

ఓదార్పు మాటలంటే చలపతిరావుకు పడదు. మెట్లెక్కి క్లాసుకు వెళ్లిపోయాడు.

సారయ్య దగ్గర మిగిలింది బిల్లు కాగితం మీద రెండు రంగులు. ఫోనులో హనుమాండ్లు "రెండు రంగులకు అంచెట్లయితదిరా" అన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున సారయ్య చెప్పులేసుకునే వేళకు పోశవ్వ ఆ ఉండ అతని చేతిలో పెడుతుంది.

"నూలు తయారున్నది కొడుకా. నా చీరె ఎప్పుడు నేస్తరు?"

"మాపటికి అవ్వా" అంటాడు సారయ్య.