బంతి దొర బొటనవేలు

మాకు ఫుట్‌బాల్ నేర్పిన బంతి దొర పోయిన మంగళవారం అల్వాల్‌లో కన్నుమూశాడు. కబురు మా అమ్మ చెప్పింది. "గా దొర పోయిండంట. నువ్వు పోతవా ఏంది?" అంది.

దొరది ఇంగ్లండులో ఏదో మిల్లుల ఊరు. మొదటి యుద్ధానికి ముందు అక్కడ జీతానికి బంతి ఆడేవాడు. మైదానం ఎడమ అంచున పరుగెత్తితే జనమంతా లేచి నిలబడేవారట. ఒక కప్పు పోటీకి ముందు మోకాలు వాచింది. మేనేజరు వచ్చి "ఇదొక్క ఆట" అన్నాడు. ఆడాడు. మోకాలు పోయింది, వెనకే క్లబ్బూ ఆయన్ను వదిలించుకుంది. తర్వాత కంటోన్మెంటు సిపాయిలకు ఆట నేర్పడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈ కథ మాకు ఎన్నిసార్లు చెప్పాడో!

సాయంత్రాలు మా బస్తీ జట్టును చేరదీశాడు. మేము బూట్లు లేకుండా, చీలమండలకు పాత ధోవతి పీలికలు చుట్టుకుని ఆడేవాళ్లం. ప్రతి ఆటకు ముందు మమ్మల్ని గట్టు మీద కూర్చోబెట్టి, మోకాలి చిప్ప కింద బొటనవేలితో నొక్కేవాడు. మొహం చిట్లించినవాడికి ఆ రోజు ఆట లేదు. బతిమాలినా వినడు. "కాలు నీది గాదు, నీ ఇంటోళ్లది" అనేవాడు, మా దగ్గర నేర్చుకున్న తెలుగులోనే.

ఆ ఏడు నాకు రైల్వేలో ఉద్యోగమిప్పించి వాళ్ల జట్టులో ఆడిస్తానని ఒక పెద్దమనిషి మాటిచ్చాడు. అది దొరకూ తెలుసు. మేడ్చల్‌లో సిపాయిల జట్టుతో ఫైనల్ రోజున నా ఎడమ మోకాలు నొక్కాడు. ప్రాణం పోయినంత పనైంది. నా మొహం చూశాడు. కచ్చితంగా చూశాడు. కుర్చీల్లో కూర్చున్న తోటి దొరల వైపు చూస్తూనే నాతో, "ఇదొక్క ఆట, బిడ్డా" అన్నాడు.

కప్పు గెలిచాం. ఫోటోలో అందరూ నిలబడ్డారు, నేను కూర్చున్నాను. పెద్దమనిషి నా నడక చూసి మాట మార్చాడు. ఇప్పుడు మేడ్చల్ బజారులో కుట్టుమిషను తొక్కుతున్నాను, కుడికాలితో.

ఆదివారమైతే దొర రైలు దిగి, కుంటుకుంటూ నా దుకాణానికి వచ్చేవాడు. మోకాలు నొక్కి, "నొస్తాందా?" అనేవాడు. లేదనేవాణ్ని. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. తప్పయిందని ఒక్కసారైనా అంటాడేమోనని ఏళ్లకేళ్లు చూశాను. అనలేదు. క్షమించానని ఇక్కడ రాయలేను. కానీ ఆయన నేర్పిన ఆ రెండేళ్ల ఆటలో బతికినట్టు నేను మళ్లీ బతకలేదు. అదీ ఆయన పెట్టిన భిక్షే.

వెళ్లాను. శవపెట్టె మోయడానికి పాత జట్టులో నలుగురమే ఉన్నాం. నాది ఎడమ పక్క ముందు మూల. అడుగు వేసినప్పుడల్లా పెట్టె నా వైపు ఒరిగింది. "జర సీదా నడువు, దొర పడిపోతడు" అన్నాడు వెనకనుంచి మా గోల్‌కీపరు. సీదా ఎట్లా నడుస్తాను? సమాధుల దాకా దొర ఎప్పటిలాగే కుంటుకుంటూనే పోయాడు.