డిశ్చార్జ్ అయిందంట!

బాన్సువాడ బస్టాండు పక్కన భోజన్నది బ్యాటరీ ఛార్జింగ్ దుకాణం. కోటగిరి నుంచి, బిచ్కుంద నుంచి ట్రాక్టరు బ్యాటరీలు అతని దగ్గరికే వచ్చేవి. చదువు మూడో తరగతితో ఆగింది గానీ, ఛార్జ్ అన్న ఇంగ్లిష్ మాట మాత్రం తన సొంత ఆస్తి అన్నట్టుండేవాడు. బస్సెక్కితే ఛార్జ్, కొత్త ఎస్సై తీసుకునేది ఛార్జ్, వీపు మీద పడేది లాఠీఛార్జ్. ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుని బతికే నన్ను పట్టుకుని, "ఒక్క మాటకు గిన్ని పనులేంది సారూ? ఇంగ్లీషోళ్లకు మాటలు కరువైనయా?" అనేవాడు. పక్కింట్లోనే అద్దెకున్నాను కాబట్టి ఆ వేళాకోళం నాకు రోజూ తప్పేది కాదు.

తొంభై ఆరులో అతని భార్య పోసవ్వకు నిజామాబాదులో కడుపు ఆపరేషన్ అయింది. ఆడవాళ్ల వార్డులో మగవాళ్లు ఉండకూడదని, ఆమె చెల్లెలు గంగాబాయిని తోడుంచి ఇతన్ని ఇంటికి పంపేశారు. మనిషి ఇక్కడున్నాడు గానీ ప్రాణమంతా అక్కడే ఉంది.

ఒక పొద్దున ఎస్టీడీ బూత్ జీవన్ ఉరుక్కుంటూ వచ్చాడు. "అన్నా, గంగాబాయి ఫోన్ చేసింది. అక్క డిశ్చార్జ్ అయిందంట. తీస్కొస్తున్నరంట." అంత మాట చెప్పి, బూత్‌లో గిరాకీ ఉందని అట్నుంచటే పోయాడు.

భోజన్న దుకాణంలో డిశ్చార్జ్ అంటే ఒకటే అర్థం, బ్యాటరీ చచ్చిపోయిందని.

నేను బడికి బయలుదేరుతూ చూసేసరికి నేల మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. "మా పోసవ్వ పోయింది సారూ. డిశ్చార్జ్ అయిందంట." సంగతి అర్థమయ్యాక నాకు ఒళ్లు మండింది. బాగైన మనిషిని ఇంటికి పంపడానికి దవాఖానవాళ్లకు ఇంకో మాటే దొరకలేదా?

"బాగైంది, ఇంటికి పంపిస్తున్నారని దానర్థం భోజన్నా" అన్నాను. నమ్మడే! ఇక నా చదువంతా బయటకు తీశాను. ఛార్జ్ అన్న మాట లాటిన్‌లో బండి అనే మాట నుంచి పుట్టిందనీ, మొదట్లో బండి మీద బరువు ఎక్కించడమే ఛార్జ్ అనీ, పైసలైనా పదవైనా కరెంటైనా ఎక్కించే బరువేననీ, డిశ్చార్జ్ అంటే ఆ బరువు దింపడమనీ చెప్పాను.

అంతా విని, "బరువు దిగుడంటే సచ్చిపోవుడే కద సారూ" అన్నాడు. నా లాటిన్ అక్కడితో సరి.

చేయి పట్టుకుని బస్టాండులోకి లాక్కెళ్లాను. మధ్యాహ్నం నిజామాబాదు బస్సులోంచి, చెల్లెలి భుజం పట్టుకుని పోసవ్వ దిగింది. సగమైపోయింది పాపం. మొగుణ్ణి చూడగానే, "దుకాణం ఇడిసిపెట్టి గీడ ఏం జేస్తున్నవయ్యా? సిగ్గు లేదా, గా ఏడుపేంది?" అని కసిరింది.

భోజన్న నలుగురూ చూస్తుండగానే ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తిట్టవే పోసవ్వా" అన్నాడు. "ఇంకింత తిట్టు."