నోట్‌ప్యాడా, బొమ్మల ఎడిటరా?

దేన్నైనా వాదించి తేల్చవచ్చునని గట్టిగా నమ్మిన కాలం అది. దేవుడున్నాడా లేడా అన్న సంగతిని మా నల్లగొండ హేతువాద మిత్రులం ఒక్క సాయంత్రం, రెండు చాయ్‌ల మధ్య తేల్చిపారేశాం (లేడని). అలాంటి వాళ్లం ఒక వెబ్‌సైటు కట్టడానికి ఏ ఎడిటర్ వాడాలన్నది మాత్రం ఎండాకాలం పోయి వానాకాలం నడుస్తున్నా తేల్చలేకపోయాం. తొంభైల చివరి మాట. ఊళ్లోకి ఇంటర్నెట్ అప్పుడే వచ్చింది. ఫోను తీగ గరగరమంటూ లోకంతో కలుస్తుంటే చుట్టూ చేరి వినేవాళ్లం. (ఏ మంత్రానికీ లొంగని మేము ఆ శబ్దం ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం.)

మా సంఘానికి మూలపురుషుడు పెద్దసారు, రిటైరైన సైన్సు మాస్టారు. దేవరకొండ చుట్టుపక్కల పల్లెలన్నీ సైకిలు మీద తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించి చూపి, "దీంట్ల మహిమ లేదు, ఉమ్మి ఉన్నది" అని జనాన్ని నవ్వించేవాడు. కాళ్లు వంకరపోవడం శాపం వల్ల కాదు, బోరునీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల అని ఆయన ఒక పెద్ద వ్యాసం రాశాడు. పత్రికలు దాన్ని వేయలేదు. వేసిన ఒకటి రెండు కూడా శాపం సంగతి కత్తిరించి వేశాయి. అందుకే కత్తెర లేని చోటు ఒకటుందని డబ్బా భాయ్ చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. డబ్బా భాయ్ గడియారం సెంటర్ దగ్గర కంప్యూటర్లు నేర్పే మా మిత్రుడు. కంప్యూటర్ని డబ్బా అనేవాడు కనుక ఆ పేరు. శుక్రవారం నమాజు చేసుకుని, నేరుగా వచ్చి మా హేతువాద సభలో కూర్చునేవాడు. ఆయనకూ ఇబ్బంది లేదు, మాకూ లేదు.

"పెడదాం గని, జర జల్ది కానియ్యుండ్రి," అన్నాడు పెద్దసారు. "దవాఖానల నా కండ్లకు నీటికాసులన్నరు. పక్కలకెల్లి మసక కమ్ముకొస్తాంది. నా వ్యాసం నిండుగ తెర మీదికొచ్చినంక, నా కండ్లతోని ఒక్కసారి చదువుకోవాలె."

జల్దిగా కావలసిన పనే. డబ్బా భాయ్ రెండు దారులు చూపించాడు. పేజీ ఎలా కనిపించాలో కంప్యూటర్‌కు చెప్పే హెచ్‌టీఎంఎల్ అనే భాషను నోట్‌ప్యాడ్‌లో మనమే వరుస వరుసా రాసుకోవడం ఒకటి. బొమ్మల ఎడిటర్‌లో అక్షరాలనూ ఫోటోలనూ ఎలుకతో లాగి పెడితే ఆ భాషను అదే రాసుకోవడం ఇంకొకటి. సులువైంది రెండోదని ఆయన అనగానే నేను లేచాను. (అప్పుడు నేను ప్రైవేటు బడిలో లెక్కల పంతులుని. లేవడానికి ఎవరైనా ఒక మాట అంటే చాలు.)

"ఎనక ఏం జరుగుతాందో చూపియ్యకుంట ఫలితం చేతుల పెట్టెటోన్ని ఏమంటం? బాబా అంటం! గీ ఎడిటర్ గూడ బాబానే!"

"అరే భాయ్, బస్సెక్కేటప్పుడు నువ్వు ఇంజను ఇప్పి చూసి ఎక్కుతవా?" అన్నాడు డబ్బా భాయ్.

అక్కడ అడ్డుపడింది మా సంఘం నియమం. ఈ వారం ఒక పక్షాన మాట్లాడినవాడు వచ్చేవారం అంతే నిజాయితీగా ఎదుటి పక్షాన మాట్లాడాలి. ఇద్దరూ ఒక్క మాట మీదికి వస్తేనే తీర్మానం. ఆ నియమం పెట్టింది పెద్దసారే. సరే, మరుసటి వారం బొమ్మల ఎడిటర్ తరఫున నేను నిలబడ్డాను. ఏ పనీ సగం చేసే అలవాటు నాకు లేదు. సామాన్యుడికి అందని సాధనం పురోహితుడి సంస్కృతంలాంటిదని గర్జించి, చివరికి నన్ను నేనే ఒప్పించేసుకున్నాను. అదే సాయంత్రం నోట్‌ప్యాడ్ తరఫున మాట్లాడిన డబ్బా భాయ్ కూడా తనను తాను ఒప్పించుకున్నాడు. ఆ పై వారం మళ్లీ అటూ ఇటూ. ఇద్దరమూ నిజాయితీపరులమే, ఇద్దరమూ మారుతూనే ఉన్నాం, ఒకే రోజు ఒకే గట్టున మాత్రం ఎన్నడూ లేము. చాయ్ తెచ్చే తాత గుమ్మంలో ఆగి, "ఏంది సారూ, పోయినారం గీ మాటలన్ని గాయన అనె గద?" అని గ్లాసులు పెట్టి పోయేవాడు.

పెద్దసారు మొదట్లో వెనక వరుసలో కూర్చుని మురిసిపోయేవాడు. తర్వాత ముందు వరుసకు వచ్చాడు. వానలు పడేనాటికి ఆయన కుర్చీ కంప్యూటర్ బల్లకు ఆనుకుంది. నాకు భయమేసి, "నియమం పక్కన పెడదాం సారూ," అన్నాను.

"నా కోసం నియమం మారితే రేపు బాబా కోసం గూడ మారుతది. నువ్వు మాట్లాడు," అన్నాడు. మాట్లాడాను. ఆ వారం మరీ బాగా మాట్లాడాను.

ఒకనాడు పెద్దసారు గోడ పట్టుకుని మెట్లెక్కడం చూసి డబ్బా భాయ్‌కి ఓపిక పోయింది. టైపు చేసిన తెలుగు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఎలాగూ పిచ్చి గుర్తులయ్యేది. అందుకని పెద్దసారు చేతిరాత కాగితాలనే స్కాన్ చేసి, బొమ్మలుగా పెట్టేశాడు. "ఏ ఎడిటర్ల చేసినవ్ భాయ్?" అన్నాను ఆత్రంగా. "ఏదైతేంది? కాగితానికొక్క వరుస. గంతే," అన్నాడు.

పెద్దసారు ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగాడు. తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తెల్లగ ఉన్నది. నా రాతేనా?"

"మీ రాతే సారూ."

"అట్లయితే నువ్వు చదువు."

చదివాను. సగంలో ఒక మాట దాటేశాను. ఆయన వెంటనే తల ఎత్తాడు. "గాడ 'శాపం కాదు' అన్న మాట మింగినవోయ్. పత్రికోళ్ల లెక్క నువ్వు గూడ కత్తిరిస్తున్నవా?" అందరం నవ్వాం, ఆయన అందరికన్నా గట్టిగా. నేను మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఆ వెబ్‌సైటు ఎప్పుడో మూతపడింది, పెద్దసారూ లేడు. ఇప్పుడు ఫోను నన్ను రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటే మొదటిదాన్ని నొక్కేస్తాను. వెంటనే లోపల ఆ లెక్కల పంతులు రెండోదాని తరఫున గొంతు సవరించుకుంటాడు. కూర్చోవయ్యా అంటాను. కూర్చోడు. గొప్ప వక్త, పాపం.